సిమ్యులేటర్‌లో 5, ప్లాంట్‌లో 90: సోర్ వాటర్ స్ట్రిప్పర్ డిజైన్‌లో ఎక్కడ తేడా కొడుతోంది?

కొత్త_ట్రే | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో ఒక డిజైన్ ఆఫీసులో ప్రాసెస్ ఇంజినీర్‌ని. నాలుగేళ్ల అనుభవం. ఒక రిఫైనరీకి కొత్త సోర్ వాటర్ స్ట్రిప్పర్ (హైడ్రోజన్ సల్ఫైడ్, అంటే హెచ్‌టూఎస్, అమోనియా కలిసిన నీళ్లని ఆవిరితో శుభ్రం చేసే కాలమ్) డిజైన్ చేసే పని నా మీద పడింది.

ఫీడ్ గంటకి 60 క్యూబిక్ మీటర్లు. అందులో హెచ్‌టూఎస్ 6,000 పీపీఎం, అమోనియా 4,000 పీపీఎం. ఎఫ్‌సీసీ, కోకర్ (రెండూ బరువు నూనెల్ని విరగ్గొట్టే యూనిట్లు) నీళ్లు, క్రూడ్ యూనిట్ ఓవర్‌హెడ్ నీళ్లు అన్నీ కలిసే వస్తాయి. కింద నుంచి వచ్చే శుభ్రమైన నీళ్లలో హెచ్‌టూఎస్ 10 లోపు, అమోనియా 30 లోపు ఉండాలని గ్యారంటీ.

అక్కడ ఇప్పటికే ఇంచుమించు ఇదే సైజు స్ట్రిప్పర్ ఒకటి నడుస్తోంది. 38 ట్రేలు (ఆవిరి, నీళ్లు కలిసే పళ్లేలు), అడుగున నీళ్లని మరిగించే రీబాయిలర్ ఉంది. దాని డేటా తెప్పించుకుని సిమ్యులేటర్‌లో పెడితే అమోనియా 5 పీపీఎం చూపిస్తోంది. ల్యాబ్ రిపోర్టుల్లో మాత్రం ఆర్నెల్లుగా 85-95 మధ్యే ఉంది. హెచ్‌టూఎస్ అయితే 1 కూడా దాటట్లేదు. వాళ్లు స్టీమ్‌ని క్యూబిక్ మీటరుకి 150 కిలోల నుంచి 190 దాకా పెంచి చూశారు. అమోనియా రెండు మూడు పీపీఎం కూడా దిగలేదు.

మా లీడ్ "కొత్తదానికి ఇంకో 10 ట్రేలు వేసెయ్, గొడవ వదిలిపోతుంది" అంటున్నారు. నాకు మనసొప్పట్లేదు. పాతది ఎందుకు పనిచేయట్లేదో తెలియకుండా కొత్తది ఎలా గీస్తాం? రివ్యూ మీటింగ్ వచ్చే వారమే, టెన్షన్‌గా ఉంది. దయచేసి చెప్పండి.

జుబైల్_మామ | సోమవారం, రాత్రి 10:15

తమ్ముడూ, సగం ప్లాంట్లలో ఇదే కథ. ముందు ట్రేలు సరిగ్గా ఉన్నాయా అని అడుగు. మూవబుల్ వాల్వ్ ట్రేలైతే ఆ వాల్వులు మడ్డికి అతుక్కుపోయి ఉంటాయి. మా దగ్గర షట్‌డౌన్‌లో మ్యాన్‌వే తెరిస్తే కింది పది ట్రేల మీద నల్లటి బురద అరంగుళం మందాన ఉంది. ఐరన్ సల్ఫైడ్, గాలి తగిలితే పొగ లేస్తుంది. నీళ్లు కొడుతూనే గోకాలి. కొత్తదానికి ఫిక్స్‌డ్ వాల్వ్ ట్రేలు పెట్టు. సీవ్ ట్రే అయినా పర్వాలేదు, రంధ్రం పెద్దదిగా ఉండాలి.

ఇంకోటి. రీబాయిలర్ ట్యూబ్ లీకైతే ఏమవుతుందో కూడా చూసుకో.

హూస్టన్_తెలుగోడు | సోమవారం, రాత్రి 10:52

మామా, ట్రేలు పాడైతే హెచ్‌టూఎస్ కూడా కొంచెమైనా పెరగాలి కదా? 1 లోపే ఉందంటున్నారు. హెచ్‌టూఎస్ తేలిగ్గా పోతుంది కాబట్టి ట్రే పాడైనా తట్టుకుంటుందని మీరు అనొచ్చు, నిజమే. కానీ స్టీమ్ నాలుగో వంతు పెంచినా అమోనియా కదల్లేదు. ట్రేలో లోపం ఉండి ఉంటే స్టీమ్ పెంచినప్పుడు ఎంతో కొంత దిగాలి. అసలు కదలట్లేదంటే నాకు వేరే అనుమానం.

కొత్త_ట్రే గారూ, రెండు ప్రశ్నలు. ఒకటి, సిమ్యులేటర్‌లో ఏ థర్మోడైనమిక్ ప్యాకేజీ (లెక్కలు కట్టే మోడల్) వాడారు? 1980 నాటి స్వెక్ మోడల్ మీద కట్టిన సోర్ వాటర్ ప్యాకేజీ అయినా సరే, ఎలక్ట్రోలైట్ ప్యాకేజీ అయినా సరే, మీరు ఫీడ్‌లో ఏం రాస్తే అదే అది లెక్క కడుతుంది. రెండు, ఫీడ్‌లో అమోనియా, హెచ్‌టూఎస్, కార్బన్ డయాక్సైడ్, నీళ్లు తప్ప ఇంకేమైనా రాశారా?

కొత్త_ట్రే | సోమవారం, రాత్రి 11:05

ఇంకేం రాయలేదు సార్. క్లయింట్ ఇచ్చిన డేటా షీటులో ఆ నాలుగే ఉన్నాయి. ఫినాల్ 200 అని ఒక మూల రాసి ఉంది, దాన్ని వదిలేశా.

ల్యాబ్_అక్క | మంగళవారం, ఉదయం 6:30

నైట్ షిఫ్ట్ దిగి ఇప్పుడే చూస్తున్నా. ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. ఆ కింద నీళ్ల పీహెచ్ ఎంత?

అది నాలుగు నిమిషాల పరీక్ష బాబూ. అమోనియా నీళ్లలో విడిగా ఉంటే నీళ్లు బాగా క్షారంగా ఉంటాయి. 90 పీపీఎం అంటే లీటరుకి 5.3 మిల్లీమోళ్లు. అదంతా విడి అమోనియానే అయితే చల్లారిన శాంపిల్‌లో పీహెచ్ 10 పైన కనిపించాలి. ఏడు, ఏడున్నర చూపిస్తోందంటే అది విడి అమోనియా కాదు, ఏదో యాసిడ్ పట్టుకుని కూర్చున్న అమోనియం. దాన్ని ఎంత ఆవిరి పెట్టినా లేపలేరు.

ఫైనలియర్_కెమికల్ | మంగళవారం, ఉదయం 9:10

మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. బీటెక్ ఆఖరి సంవత్సరం. స్ట్రిప్పింగ్ అంటే ఆవిరి పంపి వాయువుల్ని లేపడమని చదివాం. యాసిడ్ పట్టుకోవడం ఏంటి? ఇంకో డౌటు, ఆవిరి ఖర్చు కదా, గాలి పంపకూడదా?

హూస్టన్_తెలుగోడు | మంగళవారం, ఉదయం 9:48

మంచి ప్రశ్నే. అమోనియా క్షారం, హెచ్‌టూఎస్ బలహీనమైన ఆమ్లం. నీళ్లలో రెండూ కలిస్తే ఒకదాన్నొకటి పట్టుకుని అమోనియం, బైసల్ఫైడ్ అయాన్లుగా ఉండిపోతాయి. అయాన్లు ఆవిరిలోకి లేవవు. వేడి చేస్తే ఆ బంధం వదులై కొంత అమోనియాగా, కొంత హెచ్‌టూఎస్‌గా విడిపోతాయి. విడిపోయిన వాటిని ఆవిరి ఎత్తుకెళ్తుంది, మిగిలినవి మళ్లీ విడిపోతాయి. ట్రే తర్వాత ట్రే ఇదే జరుగుతుంది. రెండూ ఎగిరిపోయేవే కాబట్టి చివరికి నీళ్లు ఖాళీ అవుతాయి.

ఇప్పుడు నీళ్లలో ఫార్మిక్ యాసిడ్ ఉందనుకో, థయోసైనేట్ ఉందనుకో, క్లోరైడ్ ఉందనుకో. అవి ఎగిరిపోవు. ఒక్కో ఆమ్ల అయాను తన వంతు అమోనియాని పట్టుకుని కాలమ్ అడుగుదాకా తీసుకొస్తుంది. ఎఫ్‌సీసీ, కోకర్ నీళ్లలో ఇవి మామూలే. సైనైడ్ తుప్పు ఆపడానికి పాలీసల్ఫైడ్ వేసే చోట ఆ సైనైడ్ కాస్తా థయోసైనేట్ అవుతుంది. అది తిన్నగా స్ట్రిప్పర్‌కే వస్తుంది.

గాలి సంగతికొస్తే, అసలు వద్దు. ఆక్సిజన్ తగిలితే సల్ఫైడ్ కాస్తా గంధకంగా, థయోసల్ఫేట్‌గా మారి ట్రేలు పూడుకుపోతాయి. పైన వచ్చే గాలీ హెచ్‌టూఎస్ మిశ్రమాన్ని ఎక్కడికి పంపుతావు? ఇక్కడ అమెరికాలో బెంజీన్ ఉన్న వ్యర్థ జలాలకి 1990 నాటి రూల్ ఒకటి ఉంది. అలాంటి చోట్ల గాలితోనో, గ్యాస్‌తోనో స్ట్రిప్పింగ్ చేస్తారు. అది వేరే కథ.

కొత్త_ట్రే | మంగళవారం, మధ్యాహ్నం 1:20

సైటుకి ఫోన్ చేశా. పీహెచ్ 7.4 అట. రిజిస్టర్‌లో ఆర్నెల్లుగా రాస్తూనే ఉన్నారు, 7.2 నుంచి 7.6 మధ్య. ఎవరూ పట్టించుకోలేదు. నేను కూడా ఆ కాలమ్‌ని ఎక్సెల్‌లో హైడ్ చేసి పెట్టుకున్నా, సిగ్గుగా ఉంది.

ల్యాబ్_అక్క | మంగళవారం, మధ్యాహ్నం 2:05

సిగ్గెందుకు, అందరం హైడ్ చేసినవాళ్లమే. 7.4 దగ్గర, గది వేడిలో, అమోనియాలో నూటికి ఒకటిన్నర వంతే విడిగా ఉంటుంది. మిగతాదంతా అమోనియం అయానే. సగం రోగం తెలిసినట్టే. అయినా ఒట్టి పీహెచ్ చూసి కాస్టిక్ (సోడియం హైడ్రాక్సైడ్) పంపు ఆర్డర్ పెట్టేయకండి. సైట్ ల్యాబ్‌లో ఈ పరీక్ష చేయించండి.

కింద నీళ్ల శాంపిల్‌ని కూలర్ గుండా తీసుకుని రెండు బీకర్లలో పోయించండి. మొదటిదాన్ని అలాగే పావుగంట మరగనివ్వాలి. రెండోదాంట్లో కాస్టిక్ చుక్కలు వేసి పీహెచ్ 11 దాటించి, అదే పావుగంట మరగనివ్వాలి. ఫ్యూమ్ హుడ్ కిందే చేయాలి. ఆవిరైన నీళ్ల వంతు కలిపి మళ్లీ మొదటి గుర్తు దాకా నింపి రెండింటిలో అమోనియా కొలవండి. మొదటిది 90 దగ్గరే ఉండి, రెండోది దాదాపు సున్నాకి పడిపోతే అనుమానం ఖాయం.

ఇంకో మాట. కొలిచే పద్ధతి ఏదో కూడా అడగండి. మొత్తం అమోనియా కావాలంటే శాంపిల్‌ని క్షారం చేసి డిస్టిల్ చేయాలి. కొన్నిచోట్ల ఆ మెట్టు దాటేసి నేరుగా టైట్రేట్ చేస్తారు. అప్పుడు ఈ బంధించిన అమోనియా కనపడనే కనపడదు. అంతా బాగుందనుకుంటారు, ఈటీపీ (వ్యర్థ జలాల శుద్ధి ప్లాంట్) వాళ్లు మాత్రం నెత్తీ నోరూ కొట్టుకుంటారు.

ఫీడ్ శాంపిల్ విషయానికొస్తే, మూత తీసిన సీసాలో పట్టిన శాంపిల్‌ని నమ్మొద్దు. ల్యాబ్‌కి చేరేలోపే సగం హెచ్‌టూఎస్ గాల్లో కలిసిపోతుంది. మీ 6,000 ఎలా వచ్చిందో కనుక్కోండి.

జుబైల్_మామ | మంగళవారం, మధ్యాహ్నం 3:30

ల్యాబ్ అక్కకి దండం. నా బురద సిద్ధాంతం వెనక్కి తీసుకుంటున్నా. ఫిక్స్‌డ్ వాల్వ్ ట్రే మాట మాత్రం వెనక్కి తీసుకోను.

కాస్టిక్ కావాలంటే కొనక్కర్లేదు తమ్ముడూ. మెరాక్స్ (ఇంధనంలోని గంధకపు సమ్మేళనాల్ని తీసే యూనిట్) నుంచి వచ్చే స్పెంట్ కాస్టిక్ (వాడేసిన కాస్టిక్) పోసెయ్, దాని బెడద కూడా తీరుతుంది.

గాజువాక_గంధకం | మంగళవారం, సాయంత్రం 5:15

మామా, ఆ పని మాత్రం చేయించకు. స్పెంట్ కాస్టిక్‌లో సల్ఫైడ్, మెర్కాప్టన్లు, క్రెసైలిక్ యాసిడ్లు ఉంటాయి. మెర్కాప్టన్లు పైకి లేచి నా ఎస్‌ఆర్‌యూకి (సల్ఫర్ రికవరీ యూనిట్) వస్తాయి. క్రెసైలిక్ కింద నీళ్లలో ఫినాల్ లెక్క పెంచుతుంది. పైగా దాని బలం రోజుకో రకంగా ఉంటుంది, డోసు ఎలా సెట్ చేస్తావు? ఇంటి చెత్త పక్కింటి గోడ అవతల పారేసి ఇల్లు ఊడ్చామనుకున్నట్టు ఉంటుంది.

నేను విశాఖలో పుట్టి పెరిగి, ఇరవై ఏళ్లుగా సల్ఫర్ యూనిట్లు నడుపుతున్నవాణ్ణి. స్ట్రిప్పర్ డిజైన్ చేసేవాళ్లు కింద నీళ్ల గురించే ఆలోచిస్తారు. పైన వచ్చే గ్యాస్ ఎవరింటికి పోతుందో పట్టించుకోరు. అందుకే ఈ నాలుగు లెక్కలు.

కొత్త_ట్రే, నీ ఫీడ్‌లో హెచ్‌టూఎస్ గంటకి 360 కిలోలు, అమోనియా 240 కిలోలు. మోళ్లలో 10.6, 14.1. కలిపితే 24.7 కిలోమోళ్లు. దీంతోపాటు నీటి ఆవిరి ఎంత వస్తుందనేది నీ ఓవర్‌హెడ్ వేడి మీద ఆధారపడి ఉంటుంది. పైన పీడనం సుమారు 2 బార్ అబ్సల్యూట్ అనుకో. 90 డిగ్రీల దగ్గర నీటి ఆవిరి పీడనం 0.7 బార్, అంటే గ్యాస్‌లో 35 శాతం నీళ్లే, గంటకి 240 కిలోలు. ఆపరేటర్ బద్ధకించి 100 డిగ్రీలకి వదిలేశాడనుకో, సగం నీళ్లే అవుతాయి, 440 కిలోల పైమాటే. ఆ నీళ్లన్నీ నా ఫర్నేస్‌ని చల్లారుస్తాయి. అమోనియా పూర్తిగా మండాలంటే నాకు 1,250 డిగ్రీలకి తగ్గకూడదు. అది దిగిందంటే మిగిలిన అమోనియా కింద కండెన్సర్లలో ఉప్పై కూర్చుంటుంది.

అలాగని 75కి దించేశావో, నీ ఓవర్‌హెడ్ లైనే మూసుకుపోతుంది. అమోనియం బైసల్ఫైడ్ తెల్లగా గడ్డకడుతుంది. 85-90 మధ్య పట్టుకుని కూర్చో, అంతకు మించి దారి లేదు. స్ట్రిప్పర్ నుంచి మా దాకా లైన్ అంతా స్టీమ్ జాకెట్ వేయించు. ట్రేసింగ్ సరిపోతుందని కాంట్రాక్టర్ అంటాడు, వినకు. సేఫ్టీ వాల్వ్ ఇన్‌లెట్ మరిచిపోకు. ట్రాన్స్‌మిటర్ ట్యాపింగులు కూడా. లైన్ అంతా వేడిగా ఉండి, ఆ అరచేతి పొడవు ట్యాపింగ్ ఒక్కటే చల్లగా ఉంటుంది. ఉప్పు వెతుక్కుంటూ అక్కడికే వెళ్తుంది.

కొత్త_ట్రే | మంగళవారం, రాత్రి 8:45

గంధకం అన్నా, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. ఒక డౌటు. పాతదాంట్లో ఓవర్‌హెడ్ కండెన్సర్, రిఫ్లక్స్ డ్రమ్ ఉన్నాయి. కొత్తదానికి పంపరౌండ్ పెడదామా?

గాజువాక_గంధకం | మంగళవారం, రాత్రి 9:02

పంపరౌండే నా ఓటు. కండెన్సర్‌లో రెండు ఫేజులు, గాఢమైన బైసల్ఫైడ్ ద్రవం, తుప్పు. పంపరౌండ్‌లో ఒట్టి ద్రవాన్ని కూలర్ గుండా తిప్పి పైట్రే మీద పోస్తావు. వేడి పట్టుకోవడం తేలిక. పైన మూడు నాలుగు ట్రేలు ఎక్కువ పడతాయి, పడనీ. ఆ సర్క్యూట్‌కి కార్బన్ స్టీల్ వాడకు, 316ఎల్ అడుగు.

పాత_బాయిలర్ | బుధవారం, ఉదయం 5:50

రిటైరై తొమ్మిదేళ్లయింది. నిద్ర పట్టక ఈ చర్చ మొత్తం చదివాను. అబ్బాయిలు కాలమ్ గురించి బాగా చెప్పారు. నా ముప్పై నాలుగేళ్ల సర్వీసులో కాలమ్ వల్ల పడిన బాధకన్నా దాని ముందున్న ట్యాంకు వల్ల పడిన బాధే ఎక్కువ.

ఒక రాత్రి సంగతి చెబుతాను. ఫీడ్ ట్యాంకు ఒక్కటే ఉండేది, పట్టుమని ఒక రోజు నిల్వ కూడా లేదు. హైడ్రోట్రీటర్ (హైడ్రోజన్‌తో నూనెలోని గంధకం తీసే యూనిట్) ఆగిపోయి నీళ్లు రావడం తగ్గింది. షిఫ్టులో కుర్రాడు ఫీడ్ రేటు తగ్గించకుండా ట్యాంకు లెవెల్‌ని కిందికి లాగేశాడు. పైన తేలే నూనె మీటరు మందం ఉండేది, అది కాస్తా పంపు సక్షన్‌కి వచ్చింది. కాలమ్‌లోకి నూనె పోయేసరికి నురగ లేచింది, కాలమ్ డీపీ (అడుగుకీ పైకీ మధ్య పీడనం తేడా) రెట్టింపు. మేం డీపీ చూసుకుంటూ ఉన్నాం. సల్ఫర్ యూనిట్ నుంచి ఫోన్: "అయ్యా, మీరేం పంపుతున్నారు, గంధకం నల్లగా వస్తోంది!" పసుపుపచ్చగా కారాల్సింది తారులా కారుతోంది. వాళ్లకి క్యాటలిస్ట్ బెడ్ మార్చాల్సి వచ్చింది.

అందుకని చెబుతున్నాను నాయనా. కనీసం మూడు రోజుల నిల్వ పెట్టు. నీ 60కి 4,300 క్యూబిక్ మీటర్లు అవుతుంది. వీలైతే రెండు ట్యాంకులుగా విడగొట్టు. ఒకటి నింపుతూ, రెండోది తేర్చి వాడుకోవచ్చు. ట్యాంకుకి ముందు మూడు ఫేజుల ఫ్లాష్ డ్రమ్ ఉండాలి, తేలిక హైడ్రోకార్బన్ అక్కడే పోవాలి. నూనె తీసే స్కిమ్మర్ ఒక ఎత్తులోనే కాకుండా రెండు మూడు ఎత్తుల్లో ఉండాలి. సక్షన్ నాజిల్‌కి లో లెవెల్ ట్రిప్ పెట్టించు. ఎవరు వద్దన్నా వినకు.

గాజువాక_గంధకం | బుధవారం, ఉదయం 7:20

బాబాయ్, ఆ నల్ల గంధకం నేనూ చూశాను, వేరే చోట. లెక్క ఏంటంటే, క్లాజ్ ఫర్నేస్‌లో (హెచ్‌టూఎస్‌ని గంధకంగా మార్చే మా ఫర్నేస్) ఒక మోల్ హెచ్‌టూఎస్‌కి అర మోల్ ఆక్సిజన్ చాలు. ఒక మోల్ బ్యూటేన్‌కి ఆరున్నర మోళ్లు కావాలి. అంటే 13 రెట్లు. కొంచెం నూనె ఆవిరి వచ్చినా మా గాలి లెక్కంతా తలకిందులవుతుంది. గాలి చాలక అది మసిగా మారి బెడ్ మీద పడుతుంది.

జుబైల్_మామ | బుధవారం, ఉదయం 8:40

పాత బాయిలర్ గారూ, మా దగ్గర ట్యాంకులో ఆ నూనె పొరని కావాలనే ఉంచుతారు. వాసన రాదు, హెచ్‌టూఎస్ లేవదు అంటారు. మీరేమంటారు?

పాత_బాయిలర్ | బుధవారం, ఉదయం 10:10

డీజిల్ లాంటి బరువు నూనె అరమీటరు ఉంచడం పాత పద్ధతే, కాదనను. కానీ అది ఎవరి చూపూ పడని చోట పెరుగుతూ పోతుంది. నైట్రోజన్ బ్లాంకెట్ ఉంటే ఆ పొర అవసరం లేదు. ఇప్పుడు కొత్తగా కడుతున్నారు కదా, నైట్రోజనే పెట్టుకోండి. బ్రీతర్ వాల్వ్ సైజు వాన కురిసినప్పటి చల్లదనానికి లెక్కగట్టండి. ఎండలో కాలిన ట్యాంకు మీద జడివాన పడితే లోపల ఆవిరి ఒక్కసారి ముడుచుకుపోతుంది. పైకప్పు సొట్టపడిన ట్యాంకుని కళ్లారా చూశాను.

ఇంకొకటి, రాయాలా వద్దా అనుకుంటూ రాస్తున్నాను. మా రోజుల్లో డిప్ తీయడానికి (ట్యాంకు లెవెల్ కొలవడానికి) ఒక మనిషి ట్యాంకు పైకెక్కి హ్యాచ్ తెరిచేవాడు. ఒకాయన "ఇందాక వాసన వచ్చింది, ఇప్పుడు లేదు" అంటూనే కూలబడిపోయాడు. పక్కనున్న వాళ్లు లాగబట్టి బతికాడు. 100 పీపీఎం దగ్గరికొస్తే హెచ్‌టూఎస్ ముక్కునే చంపేస్తుంది. వాసన పోయిందంటే గ్యాస్ పోయిందని కాదు. కొత్త ట్యాంకుకి రాడార్ గేజ్ పెట్టు నాయనా, మనిషి పైకెక్కే పని ఉండకూడదు.

చమురు_చుక్క | బుధవారం, మధ్యాహ్నం 12:00

గల్ఫ్‌లో ప్రాసెస్ ఇంజినీర్ ఖాళీలు ఏమైనా ఉంటే చెప్పండి సార్. 3 ఏళ్ల అనుభవం.

నిర్వాహకుడు | బుధవారం, మధ్యాహ్నం 12:25

ఉద్యోగాల విభాగం విడిగా ఉంది, అక్కడ పెట్టండి. ఈ చర్చ బాగా నడుస్తోంది, పక్కదారి పట్టించకండి.

హూస్టన్_తెలుగోడు | బుధవారం, రాత్రి 8:30

కాస్టిక్ డోసు లెక్క వేసి పెడుతున్నా. 90ని 30కి దించాలి, అంటే 60 పీపీఎం అమోనియాని విడిపించాలి. లీటరుకి 3.5 మిల్లీమోళ్లు. అన్నే మోళ్ల సోడియం హైడ్రాక్సైడ్ కావాలి, లీటరుకి 141 మిల్లీగ్రాములు. 60 క్యూబిక్ మీటర్లకి గంటకి 8.5 కిలోలు, నూటికి నూరు శాతం లెక్కన. కొద్దిగా హెచ్‌టూఎస్, కార్బన్ డయాక్సైడ్ కూడా తినేస్తాయి కాబట్టి 10 అనుకోండి. పంపు 20కి పెట్టుకోండి.

ఎక్కడ వేయాలన్నదే అసలు విషయం. ఫీడ్‌లోనే వేస్తే హెచ్‌టూఎస్‌లో కొంత భాగాన్ని సోడియం పట్టేసుకుంటుంది, అది ఇక ఎగరదు. మరీ అడుగు ట్రే మీద వేస్తే విడిపోయిన అమోనియా లేవడానికి ట్రేలు మిగలవు. హెచ్‌టూఎస్ దాదాపు పోయిన చోట, కింద ఇంకో పదీ పన్నెండు ట్రేలు మిగిలి ఉన్న చోట వేయాలి. సిమ్యులేషన్‌లో ఫార్మేట్ (ఫార్మిక్ యాసిడ్ అయాను) పెట్టి మళ్లీ నడిపి ప్రొఫైల్ చూడండి. డిజైన్‌లో మూడు వేర్వేరు ట్రేల దగ్గర నాజిల్స్ పెట్టేయండి. కాలమ్ కట్టాక నాజిల్ వెల్డింగ్ చేయాలంటే మళ్లీ హీట్ ట్రీట్‌మెంట్ తలనొప్పి.

ట్రేల సంఖ్య 38 చాలు. ఐడియల్ స్టేజీలు (నూటికి నూరు శాతం పనిచేసే ట్రేల లెక్కన) ఎనిమిదో తొమ్మిదో వస్తాయి. ఇంకో 10 ట్రేలు వేసినా ఫార్మిక్ యాసిడ్ భయపడదు.

ల్యాబ్_అక్క | బుధవారం, రాత్రి 9:15

డోసు ఎక్కువైతే ఏమవుతుందో కూడా రాయండి సార్. ఆ నీళ్లు డీసాల్టర్‌కి (క్రూడ్‌లోని ఉప్పు కడిగే చోటు) వెళ్తాయి కదా, ఫినాల్‌ని అక్కడ క్రూడ్ పీల్చుకుంటుందని. పీహెచ్ 10 దాటిన నీళ్లు డీసాల్టర్‌లో పడితే నూనె, నీళ్లు విడిపోకుండా మజ్జిగలా తయారవుతాయి. ఒకసారి రెండు రోజులు ఆ మజ్జిగ శాంపిళ్లే చూశాను. చల్లారిన శాంపిల్ 9 దగ్గర ఆపండి.

హూస్టన్_తెలుగోడు | బుధవారం, రాత్రి 9:30

పూర్తిగా ఒప్పుకుంటా. హైడ్రోట్రీటర్ వాష్ వాటర్‌గా పంపేటట్టయితే సోడియం ఇంకా ఇబ్బంది. అందుకే వీలైన చోట ఎఫ్‌సీసీ, కోకర్ నీళ్లని హైడ్రోట్రీటర్ నీళ్లతో కలపకుండా రెండు స్ట్రిప్పర్లు పెడతారు. ఫినాల్ ఉన్నవి డీసాల్టర్‌కి, లేనివి వాష్ వాటర్‌కి.

కొత్త_ట్రే | గురువారం, ఉదయం 11:00

రెండు స్ట్రిప్పర్లకి క్లయింట్ బడ్జెట్ లేదు. రెండు దశల పద్ధతి, అంటే ముందు హెచ్‌టూఎస్, తర్వాత అమోనియా విడివిడిగా తీసేది, దాని గురించి కూడా మీటింగ్‌లో అడుగుతారేమో. స్టీమ్ నేరుగా కాలమ్‌లోకి వదిలితే రీబాయిలర్ ఖర్చు తగ్గుతుందని కూడా ఒకరన్నారు.

గాజువాక_గంధకం | గురువారం, మధ్యాహ్నం 1:15

రెండు దశలు 1960ల్లో షెవ్రాన్ వాళ్లు తెచ్చిన ఆలోచన. అమోనియా మరీ ఎక్కువున్న చోట, లేదా ఎస్‌ఆర్‌యూ అమోనియాని మండించలేని చోట దానికి అర్థం ఉంది. నీ 4,000కి అక్కర్లేదు, మా వాళ్ల ఫర్నేస్ దానికి తగ్గట్టు ఉందో లేదో మాత్రం రాతపూర్వకంగా తీసుకో.

నేరు స్టీమ్ వద్దు. గంటకి తొమ్మిది టన్నుల స్టీమ్, అందులో ఎక్కువ భాగం నీళ్లై కిందికే వస్తుంది. ఈటీపీకి పదిహేను శాతం ఎక్కువ నీళ్లు, బాయిలర్‌కి కండెన్సేట్ నష్టం. రీబాయిలర్‌కి బైపాస్‌లా అత్యవసరానికి ఒక లైన్ ఉంచుకుంటే చాలు.

ఫీడ్-బాటమ్స్ ఎక్స్చేంజర్ మీద కక్కుర్తి పడకు. 40 నుంచి 95 డిగ్రీలకి ఫీడ్ వేడెక్కితే గంటకి ఆరు టన్నుల పైన స్టీమ్ మిగులుతుంది. అది మడ్డి కట్టేదే, స్పేర్ షెల్ పెట్టు.

జుబైల్_మామ | గురువారం, మధ్యాహ్నం 2:40

ఇత్తడి, రాగి ఎక్కడా రాకుండా చూడు తమ్ముడూ. కాలమ్‌లో ఎవరూ పెట్టరు, ప్రెషర్ గేజ్ లోపలి గొట్టం మాత్రం ఇత్తడిదే వస్తుంది. అమోనియా తగిలి అది పగిలితే ముందు నిలబడ్డవాడి ముఖం మీదకే గ్యాస్. డేటా షీటులో స్టెయిన్‌లెస్ అని రాయి.

కొత్త_ట్రే | తర్వాతి వారం, శుక్రవారం, రాత్రి 10:20

అందరికీ అప్‌డేట్.

బీకర్ పరీక్ష చేయించాం. మరిగించాక మొదటిది 86, కాస్టిక్ వేసింది 4. ల్యాబ్ అక్క చెప్పినట్టే. ఫార్మేట్, థయోసైనేట్ కొలిపించి సిమ్యులేటర్‌లో పెడితే 5 కాస్తా 88 అయింది. ఆ అంకె చూసి నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డా, పక్క టేబుల్ వాళ్లు ఏమైందని అడిగారు.

సైటువాళ్లు పాత కాలమ్‌కి ఉన్న ఒక వాడని నాజిల్ గుండా కాస్టిక్ ట్రయల్ చేశారు. 5 కిలోలతో మొదలుపెట్టి గంటకి 10 దగ్గర ఆగారు. అమోనియా 28, పీహెచ్ 8.9, హెచ్‌టూఎస్ 1 లోపు ఉండేది 3 అయింది. స్టీమ్‌ని మళ్లీ 150కి దించినా అమోనియా 30 దాటలేదు. అంటే గంటకి 2.4 టన్నుల స్టీమ్ ఇన్నాళ్లూ ఊరికే పోసినట్టు.

రివ్యూలో ట్రేలు 38కే ఒప్పుకున్నారు. పంపరౌండ్, మూడు కాస్టిక్ నాజిల్స్, రెండు ట్యాంకులు అన్నీ వెళ్లాయి. జాకెట్ లైన్ దగ్గర మాత్రం ఖర్చు గొడవ నడుస్తోంది. మా లీడ్ ఈ చర్చ ప్రింట్ తీయించుకున్నారు, ట్రేల మాట ఎత్తలేదు.

ఒక ప్రశ్న మిగిలింది. ఈటీపీకి వెళ్లే నీళ్లకి మన దేశంలో 2008 ప్రమాణాల్లో అమోనియా నైట్రోజన్ లీటరుకి 15 మిల్లీగ్రాములు కదా. నా 30 సరిపోతుందా?

ల్యాబ్_అక్క | శనివారం, ఉదయం 6:45

నీ 30 అమోనియాగా కొలిచింది. నైట్రోజన్ లెక్కలో అది 25. 15 అనేది ఈటీపీ నుంచి బయటికి పోయేచోట. మధ్యలో మిగతా నీళ్లు కలుస్తాయి, బయో ట్యాంకులో నైట్రిఫికేషన్ జరుగుతుంది, కాబట్టి సరిపోతుంది. ఫినాల్ 0.35, సల్ఫైడ్ 0.5 కూడా అక్కడే చూస్తారు. స్ట్రిప్పర్ ఫినాల్‌ని పెద్దగా తీయదు, అది డీసాల్టర్, బయో ట్యాంకుల పనే. ఆ 200 ఫినాల్‌ని మాత్రం ఈసారి హైడ్ చేయకు.

పాత_బాయిలర్ | శనివారం, ఉదయం 7:30

నాయనా, లో లెవెల్ ట్రిప్ పెట్టించావా? ట్యాంకుల గురించి రాశావు కానీ దాని మాట రాయలేదు.

కొత్త_ట్రే | శనివారం, ఉదయం 7:41

పెట్టించా బాబాయ్. ట్రిప్ ఒకటి, దానికి పైన అలారం ఒకటి. పీ అండ్ ఐడీ (పైపులు, పరికరాల డ్రాయింగ్) మీద రెడ్ పెన్‌తో గుండ్రం చుట్టి మరీ ఇచ్చా.